చక్రాల ఇంటికి ఈశాన్యం ఎటు?

నేను ఒక ఇంటిని. పునాదులు లేవు, వాటికి బదులు చక్రాలున్నాయి. రోడ్డు మీద కనబడితే జనం నన్ను క్యారవాన్ అంటారు. లోపల ఏ సినిమా నటి కూర్చుందో చూద్దామని అద్దాలకు ముక్కులు ఆనిస్తారు. ఇంతవరకూ ఒక్క నటి కూడా నాలో కాలు పెట్టలేదు. నాలో ఎక్కువ కాలం తిరిగింది పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్టు వీరభద్రంగారి భార్య రాజ్యం. నా కథ చెప్పమంటే ఆవిడ కథ చెప్పకుండా కుదరదు. అయినా ముందు నా పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి. ఇంత ఒళ్ళు పెట్టుకుని ఆ మాత్రం గొప్పలు పోకపోతే ఎలా?

నా ఇంజనూ చట్రమూ పెళ్ళివారిని మోసే వ్యాన్లవే. పైన ఒళ్ళు కట్టింది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో, మస్తాన్ మేస్త్రి. వెల్డింగు పొగ, ప్లైవుడ్డు పొట్టు, రంగు డబ్బాలు, ఇవీ నా చిన్ననాటి వాసనలు. మేస్త్రి ముందువైపు ఎడమ పక్కన తలుపు పెట్టాడు, మన రోడ్ల మీద మనుషులు ఎడమ పక్కకే దిగాలి కాబట్టి. డ్రైవరు సీటు వెనకాల పొయ్యిగట్టు. వెనక కుడి మూల మంచం. వెనక ఎడమ మూల బీరువా అంత గది, అందులో లెట్రిన్. ఎక్కడికి పైపు అందితే అక్కడ కుళాయి, ఎక్కడికి వైరు అందితే అక్కడ లైటు. అంతకు మించి అందులో శాస్త్రమేమీ లేదు. ఈ మూలల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది అవే.

నన్ను కట్టించుకున్నాయన హైదరాబాదులో కళ్ళ డాక్టరు. ఊరందరి చూపునూ కొలిచే మనిషి తన అపార్టుమెంటు సెల్లారు ఎత్తు మాత్రం కొలవలేదు. నా పొడవు చూసుకున్నాడు, వెడల్పు చూసుకున్నాడు, నెత్తిన ఏసీ డబ్బా ఒకటి ఉంటుందన్న సంగతి మరిచిపోయాడు. నన్ను తెచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, సెల్లారులోకి పోనివ్వబోతే ఆ డబ్బా కాస్తా గుమ్మానికి తగిలి పగిలింది. దిష్టి అంతా దానికే పోయిందని ఆయన భార్య సంతోషించింది. నేను మాత్రం ఆ రోజు నుంచీ వీధిలో, టార్పాలిన్ కింద, కుక్కలకు కాపలాగా మిగిలాను.

మనుషుల సంగతి నాకు అక్కడే అర్థమైంది. తిరగాలని నన్ను కొంటారు. కొన్నాక తీరిక కోసం ఎదురుచూస్తారు. ఆ తీరిక వచ్చేలోగా నా బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు నిలబడ్డచోటే చదునవుతాయి, కప్పు మీద అతుకుల్లోంచి వాన కారి లోపలి చెక్క ఉబ్బుతుంది. నా మీద ఒక పిల్లి రెండు కాన్పులు చేసుకుంది, నన్ను పూర్తిగా వాడుకున్న మొదటి ప్రాణి అదే. డాక్టరుగారు మాత్రం రెండుసార్లు తిరిగి, మూడోసారికి నన్ను అమ్మకానికి పెట్టాడు.

మీలో ఎవరికైనా నాలాంటి దాన్ని కొనాలని ఉంటే ఒక్క మాట వినండి. కొనేముందు ఎక్కడైనా అద్దెకు తీసుకుని రెండు రోజులు తిరగండి. అద్దం మీద తళుకు, సీటు మీద తోలు చూసి మురిసిపోకండి. మంచం మీద కాళ్ళు చాపి పడుకోండి. పొయ్యి దగ్గర నిలబడి కూర తిప్పినట్టు గరిటె తిప్పి చూడండి. సిగ్గుపడకుండా లెట్రిన్ తలుపు వేసుకుని కూర్చోండి, మోకాళ్ళు గోడకు తగులుతాయో లేదో అక్కడే తేలిపోతుంది. పైన గొట్టంతో నీళ్ళు పోయించి లోపల కారుతోందేమో చూడండి. టైరు గీతలు బాగున్నాయని నమ్మకండి, తయారై ఎన్నేళ్ళయిందో అడగండి. అన్నిటికంటే ముందు, నిలబెట్టే చోటు కొలవండి.

వీరభద్రంగారు వీటిలో ఒక్కటీ చేయలేదు. ఆయన నన్ను చూడ్డానికి తన బామ్మర్ది పేర్రాజుతోనూ ఒక సిద్ధాంతిగారితోనూ వచ్చాడు.

ఇక్కడ రాజ్యం గురించి చెప్పాలి. ఆవిడకు మూడు కాన్పుల తర్వాత గర్భసంచి జారింది, ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబడింది గానీ ఒంటేలు ఆపుకునే శక్తి పోయింది. అరగంట గడిస్తే ఆవిడ మొహం మారిపోయేది. డాక్టర్లు మందులిచ్చారు, పట్టీలిచ్చారు, ఓపిక పట్టమన్నారు. ఆవిడ ఓపిక పట్టింది, అందరూ ఆవిడ ఓపికను మెచ్చుకున్నారు. బస్సెక్కడం మానేసింది. కారెక్కితే దారిలో పెట్రోలు బంకుల వెనక తాళం వేసిన తలుపుల ముందు నిలబడలేక అదీ మానేసింది. చెల్లెలి కూతురి పెళ్ళికి భీమవరం కూడా వెళ్ళలేదు. తప్పనిసరై ఎక్కడికైనా బయల్దేరాల్సి వస్తే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం ఆపేసేది. పదేళ్ళుగా ఆవిడ గడప దాటింది ఆస్పత్రికి మాత్రమే. పుట్టి పెరిగింది అరచెయ్యంత చదునైన నేల మీద. టీవీలో ఎప్పుడైనా కొండ కనబడితే వంట ఆపేసి వచ్చి నిలబడి చూసేదట.

అందుకే కొన్నాడు వీరభద్రంగారు నన్ను. ఆ మనిషిని తప్పుపట్టే ముందు మీరు ఇది గుర్తుంచుకోవాలి. భార్య కోసం లెట్రిన్ ఉన్న బండి కొన్న మగవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

సిద్ధాంతిగారు చేతిలో దిక్సూచి పట్టుకుని నా చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఆ వేళ నేను తూర్పు ముఖంగా నిలబడి ఉన్నాను, అది నా కర్మ. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "చూశారా వీరభద్రంగారూ, గుమ్మం ఈశాన్యం. పొయ్యి ఆగ్నేయం. మంచం నైరుతి. మరుగుదొడ్డి వాయవ్యం. మహా మహా మేడలకు కూడా ఇలా కుదరదండి. కొనేయండి. ఒక్కటే మాట, నిలబెట్టినప్పుడు తూర్పు ముఖంగానే ఉంచండి."

పేర్రాజు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. అతను లారీలు నడిపి నడిపి ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్న మనిషి. "బావా, ఇది బండి. తిరుగుద్ది. తిరిగేదానికి తూరుపేంటి, పడమరేంటి?" అన్నాడు.

"నీకు తెల్దు, ఊరుకో" అన్నాడు వీరభద్రంగారు. నా టైర్లు ఆయన చూడలేదు, కప్పు చూడలేదు. నా డాష్‌బోర్డు మీద మాత్రం దేవుడి బొమ్మ పక్కనే ఒక దిక్సూచి అతికించాడు.

కొత్తగా కొన్నవాళ్ళు మొదటి ప్రయాణం దగ్గర ఊరికే వెళ్ళాలి. ఏది పనిచేస్తుందో, ఏది మొండికేస్తుందో ఇంటికి దగ్గరలో ఉన్నప్పుడే తెలియాలి. ఇంజను లోపం కంటే మనుషుల లోపాలు ముందు బయటపడతాయి, అవి కూడా దగ్గర్లోనే బయటపడితే మేలు. వీరభద్రంగారు పేర్రాజును స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి నన్ను తిన్నగా మారేడుమిల్లి కొండలకు బయల్దేరదీశాడు. రాజ్యానికి కొండ చూపించాలి, అదీ ఆయన ముచ్చట.

సామాను సర్దడం మరో ముచ్చట. స్టీలు కొట్టు యజమాని కదా, చిన్న గిన్నెలు ఆయన కంటికి ఆనవు. ఇడ్లీ పాత్ర, గుండిగలు, వేయించడానికి ఒకటి, వార్చడానికి ఒకటి, చుట్టాలొస్తే ఒకటి. కొండల్లో చుట్టాలెవరొస్తారో నాకు అర్థం కాలేదు. బియ్యం బస్తా, గ్రైండరు, ఆవకాయ జాడీలు, భోజనానికి కూర్చునే పీటలు. అవన్నీ పొయ్యిగట్టు కింద, కుడి పక్కనే పేర్చారు. వంట సామాను ఆగ్నేయంలో ఉండాలట. బరువు నాకు రెండు పక్కలా సమంగా ఉండాలి, బరువైనవి కిందా తేలికవి పైనా ఉండాలి. బయల్దేరేముందే నేను కుడికి ఒరిగాను. మలుపు తిరిగినప్పుడల్లా గిన్నెలు పెళ్ళి మేళంలా మోగాయి.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశారు. నా మంచినీళ్ళ ట్యాంకు నిండా నింపారు. రాజ్యం మెట్టెక్కి లోపలికొచ్చి, ముందు ఆ చిన్న గది తలుపు తీసింది. వేసింది. మళ్ళీ తీసింది. గడియ పెట్టి చూసుకుంది. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నన్ను చూసి ఏడ్చినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నాకు గర్వంగా అనిపించింది.

రావులపాలెం దాటాక ఆవిడ లేచింది. వీరభద్రంగారు దిక్సూచి వంక చూశాడు.

"రాజ్యం, కాస్తాగు. బండి ఇప్పుడు ఉత్తరంగా పోతోంది. అది నైరుతిలోకి వచ్చింది. తూరుపు తిరగ్గానే చెబుతా, ఎల్దువు గాని."

ఆవిడ నవ్వింది. హాస్యమనుకుంది. ఆయన మొహం చూశాక నవ్వడం మానేసి కూర్చుంది.

రోడ్డు తూర్పుకు వంగినచోట "ఆఁ, ఎల్లు ఎల్లు" అన్నాడు. ఆవిడ లేచి వెళ్ళేలోపల రోడ్డు మళ్ళీ ఉత్తరానికి తిరిగింది. ఆవిడ గడియ పెట్టుకోకుండానే వెనక్కి వచ్చేసింది. రాజమండ్రిలో కాఫీ హోటలు ముందు పేర్రాజు ఆపి, కొట్టువాడితో మాట్లాడి, అక్కకు దారి చూపించాడు. లెట్రిన్ ఉన్న బండిలోంచి దిగి హోటలు లెట్రిన్‌కు వెళ్ళింది రాజ్యం. తిరిగొచ్చాక సీసాలో నీళ్ళు చేతికిస్తే పక్కన పెట్టేసింది. అప్పటి నుంచీ ఆవిడ గొంతులోకి చుక్క దిగలేదు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. నాకు తెలుసు, నా ట్యాంకు నిండుగా అలాగే ఉంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఇనుముకు కోపం వస్తే ఏం చేస్తుంది? వేడెక్కుతుంది. ఘాటు రోడ్డులో నేను రెండుసార్లు వేడెక్కి ఆగాను. పేర్రాజు రేడియేటరు మూత మీద గోనెగుడ్డ కప్పి "అక్కా, అదిగో కొండ" అని చూపించాడు. రాజ్యం కిటికీలోంచి చూసింది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. "బాగుందిరా" అంది. అంతే అంది.

అక్కడ ఒక వాగు పక్కన చదును ఉంది. పిక్నిక్‌కొచ్చిన కుటుంబాలు చాపలు పరుచుకుని ఉన్నాయి. పేర్రాజు పద్ధతి తెలిసినవాడు, గట్టి నేల చూసి, నా మొహం బయటికి పోయే దారివైపు ఉండేలా నిలబెట్టాడు. ఎక్కడ నిలబెట్టినా నన్ను అలాగే నిలబెట్టాలి. వానొచ్చినా, ఏనుగొచ్చినా, మనసు మారినా తాళం తిప్పి పోవాలి తప్ప వెనక్కూ ముందుకూ తన్నుకోకూడదు. చక్కగా నిలబడ్డాను. రాజ్యం లేచింది.

"ఆగాగు!" అన్నాడు వీరభద్రంగారు. దిక్సూచి ముల్లు మీద వేలు పెట్టి చూపించాడు. "దక్షిణం చూస్తోంది పేర్రాజూ. లెట్రిన్ ఈశాన్యంలో ఉంది. వద్దొద్దు. తూరుపుకి తిప్పు."

"బావా, తూరుపునంతా వాగేగా. పల్లం. నేల మెత్తగా ఉంది."

"తిప్పమన్నానా!"

మా ఊరి మనుషులకు ఎగుడుదిగుడు తెలియదు. వాళ్ళ నేల మీద నీళ్ళు కూడా ఆలోచించుకుని కదులుతాయి. హ్యాండ్‌బ్రేకు ఎందుకుందో వీరభద్రంగారు అంతవరకూ అడగలేదు. బావ మాట కాదనలేక పేర్రాజు నన్ను తిప్పాడు. మూతి వాగువైపు వంచి నేను దిగాను. గిన్నెల బరువూ బస్తా బరువూ మోస్తున్న కుడి ముందు చక్రం ఇసుకలోకి కసుక్కున కుంగింది. ఒళ్ళంతా మెలి తిరిగి, వెనక మూలనున్న ఆ చిన్న తలుపు చట్రంలో బిగుసుకుపోయింది.

రాజ్యం గడియ లాగింది. రెండు చేతులతో లాగింది. రాలేదు. కిందికి దిగబోయి మెట్టు మీదే కళ్ళు తిరిగి కూలబడింది.

పేర్రాజు పరుగున వచ్చి సీసా మూత తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ పెదాలు బిగించి తల పక్కకి తిప్పేసింది.

"వద్దురా. తాగితే మళ్ళీ ఎక్కడికెల్లను?"

వీరభద్రంగారు అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పుడు చూశాడు ఆయన భార్య పెదాలను. "పొద్దుట్నుంచీ తాగలేదా నువ్వు?"

"రాజమండ్రి నుంచి లేదండి. పదేళ్ళుగా ఎలా ఎల్తున్నానో అలాగే వచ్చాను. బండి మారింది, అంతే."

ఆయన ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. చుట్టూ జనం చూస్తున్నారని కూడా మరిచిపోయి మాట్లాడాడు. "నీకు తెల్దు రాజ్యం. పాతింట్లో మరుగుదొడ్డి ఈశాన్యంలో నేనే కట్టించాను. నాన్న వద్దన్నాడు, పైపు ఖర్చు కలిసొస్తుందని కట్టించాను. ఆ ఏడే నీకు ఒళ్ళు పాడైంది. మళ్ళీ నా చేతులారా నిన్ను ఈశాన్యంలో కూర్చోబెట్టమంటావా?"

ఆ మాట ఆయన ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదనుకుంటాను. పేర్రాజు వాగువైపు తిరిగి నిలబడ్డాడు.

రాజ్యం ఆయన వైపు తిరిగింది. "ఆ దొడ్డి పడగొట్టించారు కదండీ. ఆ గొయ్యి పూడ్చారు, పైన తులసికోట కూడా కట్టించారు. తగ్గిందా నాకు?" అంది. "ముగ్గుర్ని కన్నాను. పచ్చి ఒంటితో గుండిగలు దించాను, మీ కొట్టుకి భోజనాలు పంపాను. అందుకు పాడైంది. ఏ మూలా ఏం చేయలేదు నన్ను. మీ దగ్గర తప్పు లేదని నేను చెబుతున్నాను, మీరే నమ్మట్లేదు. నా ఒంటికి ఆ ముల్లు తెలీదండి. ఆపమంటే ఆగదు. కొండ చూద్దామని వచ్చాను, పొద్దుట్నుంచీ ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాను."

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా పక్క చాపల మీద తింటున్నవాళ్ళు చేతులు ఆపేశారు.

తర్వాత జరిగింది నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. నన్ను పైకి లాగాలంటే ముందు బరువు దించాలి. పిక్నిక్‌వాళ్ళు కూడా లేచొచ్చారు. గుండిగలు, ఇడ్లీ పాత్ర, గ్రైండరు, బియ్యం బస్తా ఒకటొకటిగా వాగు ఒడ్డున బయటపడుతుంటే, ఆ జనం కళ్ళకు స్టీలు కొట్టే అడవిలోకి వచ్చినట్టుంది. ఒకావిడ ఒక గిన్నె బేరం కూడా ఆడబోయింది. చక్రం కిందికి గట్టి చెక్క కావాలన్నాడు పేర్రాజు. వీరభద్రంగారు స్వయంగా భోజనం పీటలు తెచ్చి, మోకాళ్ళ మీద వంగి, ఇసుక తవ్వి చక్రం కింద పెట్టాడు. తెల్లపంచె బురదైంది. నేను మూలిగాను, పీటలు విరిగాయి, వెనక్కి వెనక్కి పాకి గట్టి నేల ఎక్కాను. పేర్రాజు నన్ను మొదట నిలబెట్టినచోటే నిలబెట్టాడు. ఒళ్ళు సర్దుకోగానే ఆ చిన్న తలుపు దానంతటదే వదులైంది.

రాజ్యం మెట్టు దగ్గర ఆగింది. "దక్షిణం చూస్తోందండి" అంది.

వీరభద్రంగారు లోపలికి వెళ్ళి దిక్సూచి దగ్గర నిలబడ్డాడు. ఆయన చెయ్యి దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. అన్నేళ్ళ భయం ఒక్క మాటుకు పోదు, నాకు తెలుసు. భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పేశాడు.

"చూడనీ. నువ్వెల్లు" అన్నాడు.

ఆవిడ వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆవిడ బయటికొచ్చేసరికి ఆయన పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు, అది కొట్టులో లస్సీకి అమ్మే గ్లాసు. ఆవిడ ఆ గ్లాసు ఎత్తి దించకుండా తాగింది. నా ట్యాంకులోంచి ఆవిడ తాగిన మొదటి నీళ్ళు అవి. తాగుతున్నంతసేపూ కొండనే చూసింది.

ఆ తర్వాత చాలా తిరిగాం. కొన్ని వేసవులు, కొన్ని కార్తికాలు, సముద్రాలు, ఇంకా కొండలు. రాజ్యం చెల్లెలి ఊరు భీమవరానికి కూడా బండి కట్టుకునే వెళ్ళింది. గిన్నెలు మూడుకు తగ్గాయి. కదిలేముందు గ్యాస్ కట్టేయడం, మురుగు ట్యాంకు కనబడ్డ వాగులో కాకుండా సరైనచోటే ఖాళీ చేయించడం, వారానికోసారి ఇంజను తిప్పడం వీరభద్రంగారే చూసుకునేవాడు. మురుగు గొట్టం పట్టుకుని నిలబడ్డ ఆయన్ని చూసి ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. దిక్సూచి మాత్రం తీసేయలేదు. తువ్వాలూ తీయలేదు.

ఇప్పుడు నా ఇంజను పనైపోయింది. పాత ఇనుము కింద తూచి పట్టుకుపోతామని ఇద్దరు ముగ్గురొచ్చారు. రాజ్యం ఒప్పుకోలేదు. కొట్టు పక్కన బస్సులు ఆగేచోట వాళ్ళకు కొంచెం ఖాళీ జాగా ఉంది. నన్ను అక్కడికి తోయించి, చక్రాల కింద రాళ్ళు పెట్టించి, నా మురుగు గొట్టాన్ని భూమిలోని ట్యాంకుకు కలిపించింది. పొయ్యి లేదు, మంచం లేదు. అవి ఉన్నచోట ఇప్పుడు ఇంకో రెండు చిన్న లెట్రిన్ గదులున్నాయి, మూడింటికీ గడియలున్నాయి. నర్సాపురం వెళ్ళేవాళ్ళు, సంతకొచ్చేవాళ్ళు, పిల్లల తల్లులు, పెద్దవాళ్ళు, బస్సు దిగి తిన్నగా నా దగ్గరికే వస్తారు. నీళ్ళ ట్యాంకు పొద్దున్నే నింపేది వీరభద్రంగారు. గొట్టం కలవాలంటే నన్ను ఒక్కవైపే నిలబెట్టడం కుదిరింది. ఎటో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పొద్దున ఎండ నా ఎడమ బుగ్గన పడుతుంది, మీరే లెక్కేసుకోండి.

మొన్న ఒక గర్భిణి బస్సు దిగింది. గొంతు ఎండిపోయి ఉంది. గుమ్మం దగ్గర రాజ్యం పెట్టించిన మంచినీళ్ళ కుండ మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేసింది. ఇంకా చాలా దూరం పోవాలి, దారిలో ఎక్కడా ఆపరు, ఆ చెయ్యి ఎందుకు వెనక్కొచ్చిందో నాకు వెంటనే తెలిసింది.

రాజ్యం కుర్చీలోంచి లేచి, ఆ పెద్ద గ్లాసు నిండా ముంచి ఆ పిల్ల చేతికిచ్చింది.

"తాగమ్మా. కడుపునిండా తాగు. నీ పనయ్యేదాకా బస్సుని నేను ఆపుతాను."